డోలు మీది నంబరు

ఫోను షాపుల దొరలారా, మిమ్మల్నే అడుగుతున్నాను! చక్కగా పలికే ఫోనుని పాతదని తీసిపారేయించే హక్కు మీకెవరిచ్చారు? మా అప్పలకొండ నోటికాడ కూడు లాగేసింది మీరు కాదూ?

నేను ఒక సిమ్ కార్డుని. వేలిగోరంత ఉంటాను. బొబ్బిలి సంతలో గొడుగు కింద అమ్ముడుపోయాను. కొన్న అప్పలకొండ సన్నాయి మేళంలో డోలు వాయిస్తాడు. ఆ ఏడు దసరాకి నా పది అంకెలూ డోలు మీద ఎర్రరంగుతో రాయించాడు. మురిసిపోయాను. బటన్ ఫోనులో కూర్చుని, నెలకో చిన్న రీఛార్జి తిని, ఏళ్ల తరబడి పెళ్లి కబుర్లు మోశాను.

ఈ ఉగాదికి మీ షాపువాడొకడు మావాణ్ణి పట్టుకున్నాడు. "మావయ్యా, ఇంకా ఈ డబ్బా ఏటి? పెద్ద ఫోను ఉత్తినే ఇస్తాను. కొత్త నంబరుతో వస్తాది. రెండేళ్లు నెలనెలా ప్లాను కట్టుకో, చాలు."

"ఉత్తినేనా!" అన్నాడు మావాడు.

ఉత్తినే అంటే నెలకి వెయ్యి. వాయిదా తప్పితే ఫోనుకి తాళం. ఓ మాదిరి ఫోను విడిగా కొనుక్కుని నన్ను అందులో వేసుకుంటే సగం డబ్బు మిగిలేది. తాళంలో అరమాత్ర జారితే పట్టేసే మనిషి, ఈ కూడిక వెయ్యలేదు. పిచ్చి మారాజు!

అతని భార్య పరదేశమ్మ నన్ను బటన్ ఫోనులోంచి తీసి కుంకం భరిణెలో దాచింది. "మరి డోలు మీద కొత్త నంబరు రాయించవా?" అనడిగింది.

"దసరా పూజకి తప్ప డోలు మీద కుంచె పెట్టకూడదే. మా అయ్య కాలం నుంచీ అంతే."

"దసరా దాకా పెళ్లిళ్లు ఆగుతాయేటి?"

ఆగలేదు. జనం డోలు మీద చూసి రాసుకున్న నంబరుకే కొట్టారు. కుంకంలో పడుకున్నదాన్ని, నేనెలా పలకను? వైశాఖమంతా ఒక్క బేరం రాలేదు. "డీజేలు మా పొట్ట కొట్టాయి" అని అప్పలకొండ కుమిలాడు. వాయిదా తప్పింది. పెద్ద ఫోనుకి తాళం పడింది.

జ్యేష్ఠంలో ఓ పెళ్లికూతురి తండ్రి సత్యంనాయుడు గుమ్మంలోకొచ్చి విరుచుకుపడ్డాడు. "మేళమా, దాగుడుమూతలా? ఎప్పుడు కొట్టినా స్విచ్చాఫే! ఎల్లుండి ముహూర్తం. డీజే అన్నానని మా అమ్మ అన్నం మానేసింది!"

అప్పలకొండ డోలు వైపు చూశాడు. పరదేశమ్మ పరుగున వెళ్లి నన్ను తీసి, కొంగుతో కుంకం తుడిచి, బటన్ ఫోనులో వేసింది. "ఇంకొన్నాళ్లు ఊరుకుంటే కంపెనీవాళ్లు ఈ నంబరు ఇంకెవడికో ఇచ్చేసేవారంట. అప్పుడు డోలు కూడా వాడికిచ్చేసేవాడివేటి?" అంది. రీఛార్జి చేయించారు. ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే మరో ఇద్దరు పెళ్లివాళ్లు పిలిచారు. "అప్పలకొండనే! డోలు అప్పలకొండనే!" అని మావాడు వీధంతా వినబడేలా అరిచాడు. ఆ గొంతు విని ఎన్నాళ్లయింది!

ఇప్పుడతని చొక్కా జేబులో, మీ షాపు ముందే ఉన్నాను. తాళం తియ్యండి. ప్లాను రద్దు చేసెయ్యండి. ఫోను ధర ఎంతో అంతే తీసుకోండి, లేదా ఫోనే తీసుకోండి. రేపటి నుంచి 'ఉత్తినే' అన్న బోర్డు కింద రెండేళ్లకి కట్టాల్సిన మొత్తం అంతే పెద్ద అక్షరాలతో రాయండి. తొందరగా కానివ్వండి. సాయంత్రం సత్యంనాయుడి ఇంట పెళ్లివారి ఎదురుసన్నాహానికి మేళం ఉంది, మాకు తీరిక లేదు.