నూకరత్నం వేయించుకున్న సూది

నేను ఒక స్టీలు ట్రేని. చిక్కుడుగింజ ఆకారం నాది. కొలిమిలో కరిగి, యంత్రం కింద నలిగి, హైవే పక్కనున్న ఈ సర్కారు ఆసుపత్రికి చేరాను. గిన్నెగా పుట్టుంటే పులుసు రుచైనా తెలిసేది. నా రాతకి సూదులు, దూది. మొదట్లో ఒక కాంపౌండరు నాలో పకోడీలు పెట్టుకుని తినేవాడు. తర్వాత ఎస్తేరు సిస్టరు వచ్చి, మరిగే నీళ్లలో వేసి నన్ను మనిషిని చేసింది.

మనుషులు చిత్రమైనవాళ్లు. కాలు విరిగితే ఊరంతా చెప్పుకుంటారు. సుఖవ్యాధి వస్తే కట్టుకున్నదానికి కూడా చెప్పరు. లారీ డ్రైవరు వీరబాబూ అంతే. సిఫిలిస్ అని తేలాక, భార్యని తీసుకురమ్మంటే చాలా రోజులు తప్పించుకు తిరిగాడు. చివరికి తీసుకొచ్చి, గోడవైపు చూస్తూ అంతా చెప్పేశాడు. అప్పటికి అతని భార్య నూకరత్నానికి ఏడో నెల.

ఆమె రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అయినా డాక్టరమ్మ పెన్సిలిన్ వేయించుకోమంది.

"జబ్బు లేనిదానికి మందెందుకండీ?"

"పరీక్షకి అందకుండా ఒంట్లో చేరి ఉండొచ్చమ్మా. బిడ్డకి పాకితే కడుపులోనే పోవచ్చు. ముందే ఆపేద్దాం."

నూకరత్నం మొగుడివైపు తిరిగింది. "సుఖం నీకు, సూది నాకా?"

ఆమె పొట్టమీద చెయ్యి వేసుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"వెయ్యండి సిస్టరుగారూ. ఈయన కోసం కాదు, నా బిడ్డ కోసం."

మందు పడుతుందో లేదో చూసి, నేను మోసుకొచ్చిన సూది వేశారు. పళ్లు బిగించింది గానీ కేక వెయ్యలేదు. వీరబాబుకీ వైద్యం చేశారు. అతనికి నయమైందని డాక్టరమ్మ చెప్పేదాకా ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది.

పురిటిగదిలోనూ నేను ఉన్నాను. బొడ్డు కోసిన కత్తెర నాలోనే పెట్టారు. ఆడపిల్ల. ఆ ఏడుపుకి నా అంచులు మోగాయి! తల్లికీ బిడ్డకీ మళ్లీ పరీక్షలు చేశారు.

"ఇద్దరికీ ఏమీ లేదు!" అంటూ ఎస్తేరు సిస్టరు వరండాలోకి పరుగెత్తింది. వీరబాబు అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నూకరత్నం మాత్రం గెలిచినదానిలా నవ్వింది.

ఇప్పుడు ఆమె, వాళ్ల పేటలో ఎవరికి అనుమానం వచ్చినా వెంటబెట్టుకొస్తుంది. "సిగ్గు తర్వాత పడుదువుగాని, ముందు పద" అంటుంది. మొగుళ్లని కూడా వదలదు.

ముసలిదాన్నయ్యాను. రేపో మాపో తుక్కులో వేస్తారు. నా ఒంటినిండా సొట్టలే. అన్నిటికన్నా పెద్దది, నూకరత్నం కూతురు బల్లమీంచి నన్ను లాగి కింద పడేసి, ఆ చప్పుడికి చప్పట్లు కొట్టినప్పుడు పడింది. అది నాకు పతకం.