మాజీ అత్తగారి నడుంపట్టీ

ఆసుపత్రిలో నడుంపట్టీలు బిగించే ఆ గదిలో ఆమె ఎందరి వెన్నులనో సరిచేసింది. ఆ ఉదయం తలుపు తోసుకుని వచ్చినావిడను చూసి మాత్రం చేతిలోని కొలతటేపు జారవిడిచింది. వచ్చింది మాజీ అత్తగారు. విడాకుల తర్వాత మళ్లీ ఎదురుపడలేదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నదేమో, ఆ ఇంటికి తన తర్వాత వచ్చిన కోడలు.

"అత్తయ్య స్నానాలగదిలో జారిపడ్డారండీ. వెన్నుపూస ఒకటి నలిగిందన్నారు డాక్టరుగారు," అంది కోడలు. ఎదుట ఉన్నదెవరో ఆ పిల్లకు తెలిసినట్టు లేదు.

మరి పెద్దావిడకో? మొహంలో ఏమీ లేదు. గుర్తుపట్టలేదా, గుర్తుపట్టి కూడా పట్టనట్టుందా? ఒకప్పుడు పక్కగదిలో చెంచా కిందపడితే ఏ చెంచానో చెప్పిన మనిషి! పలకరిస్తే ఒక తంటా, పలకరించకపోతే ఇంకో తంటా. ఎటూ తేలక, ఆవిడను బల్ల మీద పడుకోబెట్టి పనిలో పడింది.

"నడుము మెలిపెట్టకుండా దుంగలా ఒక్కసారే పక్కకి తిరగండి," అంటూ నడుంపట్టీకి ఉండే రెండు ప్లాస్టిక్ చిప్పల్లో ఒకటి వీపు కిందికి జరిపి, రెండోది పొట్ట మీద పెట్టింది. కింది పట్టీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే బిగించింది.

"ఇప్పుడు నెమ్మదిగా లేవండి, అత్తయ్యా."

అన్నాక నాలుక కరుచుకుంది. కొత్తకోడలు పకపకా నవ్వింది. "మీరూ అనేశారే! నా నోటి నుంచి అంటుకున్నట్టుంది."

"పిలవనీ. పిలిస్తే అరిగిపోతానా?" అంది పెద్దావిడ.

ఆ మాటకు ఏమర్థమో ఆమెకు బోధపడలేదు. కూర్చోబెడితే కింది అంచు తొడకు గుచ్చుకుంది. పెన్సిలుతో గీత గీసి, అంచు కోసి, వేడిగాలి పట్టించి బయటికి వంచింది. పెద్దావిడ తలాడించి వెళ్లిపోయింది.

తర్వాతి వారం కోడల్ని కిందే కారులో కూర్చోబెట్టి, పెద్దావిడ ఒక్కతే పైకి వచ్చింది.

"నొక్కుతోంది."

"ఎక్కడండీ?"

"ఏమో, నువ్వే చూడు."

పట్టీ విప్పి, లోపలి బనియను పైకెత్తి చూసింది. ఒరుసుకున్న చోట చర్మం కందిపోవాలి. మచ్చుకైనా ఎరుపు లేదు. పక్కటెముకల మీద వేళ్లతో తడిమింది.

"నీ చేతులు ఇంకా మంచుముక్కల్లానే ఉన్నాయే," అంది పెద్దావిడ.

ఆమె వేళ్లు అక్కడే ఆగిపోయాయి. "నేను గుర్తున్నానా?"

"విరిగింది నడుము. కళ్లు కాదు."

"మరి ఆ రోజు ఒక్క మాటైనా..."

"ఆ పిల్ల ముందు ఏమనమంటావ్? ఇది పాతది, ఇది కొత్తది అని చూపించనా?"

ఆమెకు నవ్వొచ్చింది. కోపం రావాలి కదా అనుకుంటే అదీ వచ్చింది, కళ్లలో నీళ్లతో కలిసి. ఏది ముందు మింగాలో తెలియక పట్టీ మళ్లీ బిగించింది. పెద్దావిడ ఆమె భుజం ఆనుకుని లేచింది. నిలబడ్డాక కూడా ఆ చెయ్యి కాసేపు తియ్యలేదు. తర్వాత మెల్లగా మెట్ల వైపు నడిచింది.

సాయంత్రం ఈ సంగతంతా ఫోనులో తల్లికి చెప్పింది.

"తప్పయిందందా?" అడిగింది తల్లి.

"లేదమ్మా."

"పోనీ, దెప్పిందా?"

"అదీ లేదు."

"మరెందుకొచ్చిందే?"

"ఏమోనమ్మా," అంది ఆమె. "నాకూ అంతుపట్టడం లేదు. వచ్చే వారం కూడా రమ్మన్నాను."