ముఖము రాలిన తెర

శ్రావణమేఘములు సముద్రముపైనుండి లేచివచ్చి కాకినాడ పట్టణమును క్రమ్ముకొని యుండగా ఎడతెరిపి లేని జల్లులచేత వీథులు కాలువలై యే యింటి గడపయు తడియారక యుండెను. తలుపులుబ్బి మూతపడవయ్యెను. ఉప్పు నీరుగారెను. అప్పడములు మెత్తబడెను. ఇట్టి కాలమున కాగితమును నమ్ముకొని బ్రతుకువారి పాట్లు పగవానికిని వలదు. వరలక్ష్మీవ్రతమునకు ముందునాటి గురువారపు మధ్యాహ్నమున జగన్నాథపురమందలి యొక మేడగదిలో వకుళ యను చిత్రకారిణి కాలుగాలిన పిల్లివలె నిటునటు తిరుగుచుండెను.

ఈమె వృత్తి యేమందురా, చెప్పెద వినుడు. కాగితమును కత్తితో కోసి లతలను పక్షులను దేవతామూర్తులను వెలయించు కళ యొకటి కలదు. వకుళ యా కోతకు వలయు నమూనాలను కంప్యూటరులో గీసి తన సొంత వెబ్‌సైటునందుంచును. కోరినవారు ఫైలును కొనుక్కొని తమ యింటనే అచ్చువేసికొని కోసికొందురు. పెండ్లిపత్రికల కంపెనీలో నొరుల పేరన గీసి గీసి విసిగి యా కొలువునకొక నమస్కారము పెట్టి వచ్చిన మనిషి గనుక తన పేరన్న నామెకు ప్రాణము. కాగితములు కత్తిరించుటయు నొక ఉద్యోగమేనా యని బంధువులు వేళాకోళము చేయునపుడు పైకి నవ్వునే కాని లోలోన కుతకుతలాడుచుండును.

ఈ కళకు ప్రధానసూత్ర మొక్కటియే. కోయగా మిగిలిన ప్రతి ముక్కయు నెచ్చటనో యొకచోట తక్కిన కాగితమును పట్టుకొని యుండవలెను. ఆ సన్నని పట్టును ఈ పనివారు వంతెన యందురు. వంతెన లేని ముక్క యెంత సొంపుగా గీసినదైనను కత్తి చుట్టివచ్చిన మరుక్షణమున రాలిపోవును. అందుచేతనే యే నమూనానైనను అమ్మకమున కుంచుటకు ముందు స్వహస్తముతో నొకసారి కోసి చూచుకొనుట వకుళ నియమము. వ్రతమునకై గీసిన పద్మముల తెరకు మాత్రమా నియమము తప్పెను. కలశము వెనుక నిలిపి దాని వెనుక దీపముంచినచో వికసితపద్మమధ్యమున లక్ష్మీదేవి వదనము గోచరించునట్టి తెర యది. చెమ్మగిలిన కాగితము కత్తి తగిలినంతనే పీచుపీచుగా చినుగుచుండెను. పండుగ యేమో ముంచుకొని వచ్చుచుండెను. చాలదన్నట్లు చివరి నిమిషమున అమ్మవారి ముఖమున కిరుప్రక్కల నున్న జడపాయలు మోటుగా నున్నవని తోచి వానిని చెరిపివేసెను. ఆ జడపాయలే వంతెనలన్నమాట బొత్తిగా మరచెను. కంప్యూటరులో ముఖము గాలిలో తేలుచున్నట్లు ముచ్చటగా నుండెను. కంప్యూటరునకేమి, దానిలో బరువన్నది లేదు గదా!

గురువారము ఉదయమున తన యింటి పూజకై యొక కాగితమును ఇస్త్రీపెట్టెతో నారబెట్టి కోయ మొదలిడెను. చుబుకము చుట్టును కత్తి తిరిగివచ్చినంతనే అమ్మవారి ముఖము జారి యామె యొడిలో పడెను. తత్క్షణమే జడపాయలను మరల గీసి కొనిన వారికందరకును క్షమాపణముతో గూడ సరిచేసిన ఫైలును పంపెను. కొందరింకను కోయలేదనిరి. కొందరు రాలినదానిని జిగురుతో నతికించితిమని నవ్విరి. బదులు రానిది పెద్దాపురపు సత్యవేణమ్మ నుండి మాత్రమే. ఆమె కొనునపుడు వ్రాసిన మాటలు వకుళకు కంఠోపాఠమై యుండెను. నిరుడు తన కోడలు కుసుమకు గర్భము పోయినదనియు నాటినుండి యా పిల్ల యే పనియు ముట్టదనియు ఈ తెర బొమ్మను చూచి మాత్రము తానే కోసెదనని నోరు తెరచి యడిగినదనియు మగ్గాల వీథిలోని తమ యిల్లంతయు నందులకు సంతోషించుచున్నదనియు నామె వ్రాసియుండెను.

అట్టి పిల్ల చేతిలో అమ్మవారి ముఖము రాలినచో నేమగును? ఈ యూహయే వకుళను నిలువనీయలేదు. ఫోను తీయును. పెట్టును. మరల తీయును. పొయ్యిమీది యన్నము మాడి వాసన వచ్చువరకు తెలియదయ్యెను. తెల్లవారినంతనే తన పూజ మాట మరచి గొడుగు చంకబెట్టుకొని సామర్లకోట మీదుగా పెద్దాపురము పోవు బస్సెక్కెను.

మగ్గాల వీథిలో నడుగగా నిల్లు సులభముగనే దొరకెను. పూజ ముగిసి పేరంటాండ్రు కూర్చుండి యుండిరి. కలశము వెనుక తన తెర నిలిచియుండెను. ముఖముండవలసిన చోట కాగితము లేదు. వెనుకనున్న దీపపు కాంతి మాత్రము పద్మమధ్యమున గుండ్రముగా జ్వలించుచుండెను. వకుళ తానెవరో చెప్పినంతనే సత్యవేణమ్మ చేతులు పట్టుకొని లోనికి తీసికొనిపోయి కూర్చుండబెట్టెను.

"మీరేనాండీ ఆ తెర గీసినోరు? అందరూ అమ్మోరికి మొహం గీస్తారు. ఫోన్లో బొమ్మ నాకు సరిగా ఆనలేదు, పండగ పనుల్లో మళ్లీ ఫోను ముట్టలేదండి. మీరు వెలుగునే మొహం చేసేరు. పొద్దుట్నుంచీ వీధంతా వచ్చి చూసెళ్తన్నారండి."

పేరంటాండ్రందరును మెచ్చుకొనిరి. అబద్ధమెందులకు, ఆ మెప్పు వకుళకు తియ్యగనే యుండెను. తప్పు ఒప్పయి కూర్చున్నది. ఇక నోరు మూసికొని తాంబూలము పుచ్చుకొని లేచి పోయిన నడుగువారెవ్వరును లేరు. అయినను బొమ్మ కోసిన కోడలేదీ యని యడిగెను. వంటయింటిలో నున్నదని చెప్పిరి. మంచినీళ్ల నెపమున లోనికి పోయెను.

కుసుమ కొత్త పట్టుచీర కట్టుకొని పొయ్యి ప్రక్కన గోడకానుకొని కూర్చుండి యుండెను. వకుళ పేరు వినినంతనే ముఖము పాలిపోయెను. లేచి బియ్యపు డబ్బాలో చేయి పెట్టి అరచేతి వెడల్పు కాగితపు ముఖమును వెలికి తీసెను. కిరీటము కన్నులు కనుబొమలు ముక్కుపుడక వెండ్రుకవాసి తప్పక కోయబడి యుండెను.

"ఆఖరి గీత కొయ్యగానే వొళ్లో రాలిపోయిందండి. అత్తయ్యగారికి చెప్పలేదు. పోయినేడూ ఇంతే గదండి. నా దగ్గర ఏదీ నిలవదు."

వకుళకు కన్నీరాగలేదు. తప్పు గీతది కాని చేతిది కాదని పదివిధముల చెప్పెను. కుసుమ తల వంచుకొనియే వినెను.

"నన్నూరుకోబెట్టడానికి అంటన్నారండి మీరు."

నాలుగు గోడల నడుమ చెప్పిన మాట చాలదని వకుళకు తెలిసెను. ఆ పిల్ల చేయి పట్టుకొని ముందుగదికి నడిపించి అందరి యెదుటను ఫోనులో రెండు బొమ్మలను చూపెను. జడపాయలున్నది యొకటి. లేనిది యొకటి.

"ఈ మొహం రాలిపోయేలా గీసింది నేనేనండి. కోసి చూసుకోకుండా అమ్మేను. కుసుమ చెయ్యి ఎక్కడా తప్పలేదు. నేను గీసిన తప్పుని కూడా తప్పు లేకుండా కోసింది."

అయితే ఈవిడకు గీయుటయే రాదన్నమాట యని యొకామె మూతి విరిచెను. వకుళకు తల తీసినట్లయ్యెను గాని తల దించలేదు. సత్యవేణమ్మ కోడలి చేతిలోని కాగితపు ముఖమునే చూచుచుండెను.

"నిన్నట్నించీ ఇది మింగి కూర్చున్నావటే పిచ్చిపిల్లా? నాతో చెప్పకూడదటే?"

అప్పుడు గాని కుసుమ వెక్కివెక్కి యేడువలేదు. అత్తగారు వెన్ను నిమురుచుండిరి. కొంతసేపటికి కుసుమ కన్నులు తుడుచుకొని దీనిని మరల పెట్టవచ్చునా యని వకుళను అడిగెను. జిగురంటించినను ఈ చెమ్మకు నిలువదని వకుళ చెప్పెను. సత్యవేణమ్మ పూలు గ్రుచ్చు దారమును తెంపి యిచ్చెను. వకుళ కిరీటపు రంధ్రమున దారము పోనిచ్చి రెండవ కొసను కుసుమ చేతికందించెను. తెరలోని పద్మపు పై రేకునకు ఆ ముడి కుసుమయే వేసెను.

దీపపు వేడికి ముఖము మెల్లగా నటొకసారి యిటొకసారి తిరిగి పేరంటాండ్రనందరను చూచినట్లుండెను. రాలునేమోయను భయముతో కుసుమ దాని క్రింద దోసిలి పట్టి నిలుచుండెను. అది రాలలేదు. చాలసేపటికి ఆమె చేతులు దించెను.