గీత మీది శకటు

చివరి టైలు పరిచి, మేస్త్రీ దాని అంచును బొటనవేలితో తడిమాడు. వెంట్రుకవాసి తేడా. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేసేసరికి దగ్గు ఎగదన్నింది. టైళ్లు కోసే దుమ్మును ఏళ్లతరబడి మింగిన ఊపిరితిత్తులు. ఇక బాగుపడవని డాక్టరు తేల్చేశాడు.

చేతులు కడుక్కుని చదరంగం పోటీకి బయల్దేరాడు. గోళ్ల సందుల్లో తెల్ల సిమెంటు పోలేదు. ఏటా ఆడతాడు, ఇంతవరకూ ఒక్క ఆటా గెలవలేదు. పొద్దున భార్య అతని జేబులో ఇన్‌హేలర్ పెడుతూ, "ఈసారైనా గెలిచిరా. లేకపోతే తలుపు తియ్యను" అని నవ్వబోయింది. వచ్చే ఏటి పోటీ మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఎదురు కుర్చీలో మందులషాపాయన కూర్చున్నాడు.

"ఏం మేస్త్రీ, మళ్లీ మూలకే చేరతావా?"

"మూల కుదిరితేనే కదండీ గది కుదిరేది."

ఎప్పటిలాగే గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపి, ఖాళీ అయిన చోట శకటును కూర్చోబెట్టాడు. దాన్ని ఫియాంచెట్టో అంటారని క్లబ్బులో ఎవరో చెప్పారు. అక్కణ్ణుంచి శకటు ఏటవాలుగా ఆ చివరి గడిదాకా చూస్తుంది. దాని చాటున రాజు తలదాచుకుంటాడు.

ఈసారి ఆ చూపుకు మందులషాపాయన ఏనుగు చిక్కింది. ఇంకో రెండు ఎత్తులు పడితే ఆట మేస్త్రీదే. ఆయాసం వచ్చి మందు పీల్చుకున్నాడు. అప్పుడు కంటపడింది, తన శకటు గీత మీదకు జరిగి ఉంది. వేలు దానంతటదే వెళ్లి గడి మధ్యకు నెట్టింది.

"ముట్టుకున్నావ్ మేస్త్రీ."

"వంకరగా ఉంటే సరిచేశానండీ."

"సర్దుతున్నానని ముందే చెప్పాలిగా. ముట్టుకున్నది కదపాల్సిందే."

పక్కన నిలబడ్డ నిర్వాహకుడు అవునన్నట్టు తలూపాడు. శకటు ఏనుగును కొట్టినా, ఇంకెటు కదిలినా మేస్త్రీ రాజుకు చాటు పోతుంది. మేస్త్రీ కదిపాడు. మూడో ఎత్తుకి రాజుకు దారి లేదు. మందులషాపాయన చెయ్యి కలిపాడు కానీ మొహం చూడలేదు.

ఇంటి తలుపు తెరిచే ఉంది.

"ఏమైందయ్యా?"

"గెలిచే ఆటే. వంకర సరిచేశాను."

"నీ చెయ్యి ఊరుకోదు కదా" అని ఆమె నీళ్లు కాచడానికి వెళ్లింది. మేస్త్రీ బల్ల మీద తన పాత చదరంగం పరిచి, పావులన్నీ గళ్ల మధ్య కూర్చోబెట్టి, ఆట మళ్లీ మొదలుపెట్టాడు.

నీళ్లు తెచ్చేసరికి గోడకానిన అతని తల పక్కకు వాలి ఉంది. ఆమె పిలిచింది. గిన్నె బల్ల మీద పడేసి, భుజాలు పట్టుకుని కుదిపింది.

మర్నాటి సాయంత్రానికి దహనం అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. బల్ల మీద, ఆమె కుదుపుకు జరిగిన శకటు, సగం నల్లగడిలో, సగం తెల్లగడిలో, గీత మీద అలాగే నిలబడి ఉంది.