నలభై దినాల నూనె గిన్నె

నేను ఒక నూనె గిన్నెను. ఇత్తడి గిన్నెను. దోసిలిలో ఒదిగేంత ఉంటాను. నా అడుగు గుండ్రంగా ఉంటుంది, అందువల్ల నేల మీద పెడితే నిలకడగా ఉండను, కాసేపు అటూ ఇటూ ఊగుతాను. బోర్లిస్తే మాత్రం బండరాయిలా కదలను. ఇది మొదటే ఎందుకు చెబుతున్నానంటే, నా కష్టాలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి. మనుషులు కదలనిదాన్ని చూస్తే చాలు, భక్తి అనుకుంటారు.

గోదావరి పక్క అజ్జరంలో పుట్టాను. పాత చెంబులు, దీపపు కుందులు, వాటితోపాటు ఒక పగిలిన గుడిగంట ముక్క, అన్నీ కలిపి కరిగించి నన్ను పోశారు. ఆ గంట ముక్క పుణ్యమేమో, గోటితో మీటితే ఇప్పటికీ 'టంగ్' అంటాను. అడుగు చదును చేయాల్సిన కంచరి, పక్కవాడితో ఏదో పరాచికమాడుతూ ఒక దెబ్బ ఎక్కువ వేశాడు. నవ్వుతూ చేసిన పొరపాటు కాబట్టి దాన్ని లోపమని ఒప్పుకోను.

నన్ను మొదట కొనుక్కున్నది సువార్తమ్మ. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఆమెను అందరూ బైబులమ్మ అనేవారు. ఆమె సంచిలో నేనుండేదాన్ని. కాలవగట్టు వెంట నడిచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు పీట వేసుకుని కూర్చుని, ఆ ఇంటామె తలకు నూనె పెట్టేది. "నెత్తి చిటపటలాడతంటే సువార్త ఎక్కదమ్మా" అనేది. ఎంతమంది జుట్టు చూశానో! చిక్కులు, పేలు, కన్నీళ్ళు, కబుర్లు. ఆమె బోధ కన్నా ఆమె వేళ్ళు ఎక్కువ మందిని మార్చాయని నా నమ్మకం. నూనె గిన్నెను కాబట్టి పక్షపాతంగా మాట్లాడుతున్నానని మీరనుకుంటే అనుకోండి.

సువార్తమ్మ తరవాత స్టీలు గిన్నెల కాలం వచ్చింది. నన్ను అటకెక్కించారు. అక్కడ ఇరవై ఏళ్ళు సాలెపురుగులకు ఊయలగా ఉన్నాను. చివరికి సువార్తమ్మ మునిమనవరాలు హెప్సిబా తన పెళ్ళికి సామాను సర్దుకుంటూ నన్ను చూసింది. చింతపండు పెట్టి తోమింది. గోటితో మీటింది. నేను 'టంగ్' అనగానే పకపకా నవ్వి, "అమ్మా, ఇది పాడుతుందే! నేను తీసుకెళ్ళిపోతాను" అంది. బీఎస్సీ చదివిన పిల్ల, ఒక గిన్నె మోగిందని అంత సంబరపడింది. ఆ క్షణమే నేను ఆమెదాన్నయిపోయాను.

ఆమె పెళ్ళి హడావుడిగా జరిగింది. శ్రమ దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై ఉపవాస దినాల్లో, పెళ్ళిళ్ళు చేయరు. అందుకని ఆ ముందు వారంలో మిషను పేటలో మూడు పెళ్ళిళ్ళయ్యాయి. ఒకటే షామియానా మూడు ఇళ్ళూ తిరిగింది. హెప్సిబాకు, సబ్‌స్టేషనులో ఆపరేటరుగా చేసే ఎలీషాకు శుక్రవారం పెళ్ళి. బుధవారం నుంచి శ్రమ దినాలు. అంటే లెక్కకు ఆమె కొత్త పెళ్ళికూతురుగా ఉన్నది నాలుగు రోజులు.

బుధవారం పొద్దున అత్తగారు దయామణి స్నానాల గది గూట్లోంచి నన్ను తీసి, తుడిచి, బోర్లించింది. దయామణి అంగన్‌వాడీ టీచరు. భర్త లేడు. ప్రభువు బల్లకు, అంటే సంఘమంతా మోకరించి ప్రభువు పేరున రొట్టె, రసం పుచ్చుకునే సంస్కారానికి కావలసిన రొట్టె ఆ సంఘంలో ముప్పై ఏళ్ళుగా ఆమె చేతుల మీదుగానే తయారవుతుంది.

"ఈ నలభై దినాలూ మనింట్లో నూనె గిన్నె బోర్లిస్తామమ్మా" అంది కోడలితో. "తలకి నూనె ఉండదు, పువ్వులుండవు, పళ్ళు కనపడేలా నవ్వులుండవు. మా అత్తగారి కాలం నించీ ఇంతే."

"పళ్ళు కనపడకుండా ఎలా నవ్వుతారండీ అత్తయ్యా?" అని హెప్సిబా నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

దయామణి అంగన్‌వాడీకి వెళ్ళిపోయింది. బోర్లా ఉన్న గిన్నె మోగదు. మీరెప్పుడైనా మీటి చూడండి. అంచు నేలకు ఆనుకున్నాక ఎంత గంట ముక్క కలిసిన ఇత్తడైనా మూగే.

శనివారం పొద్దున హెప్సిబా నన్ను తిప్పి పెట్టింది. నూనె పోసింది. తలంటుకుని, కుంకుడుకాయ పులుసుతో రుద్దుకుని, తడి జుట్టు ఎండలో ఆరబోసుకుంటూ పాట అందుకుంది. ఎలీషాను కూడా పీట మీద కూర్చోబెట్టి తల నిండా నూనె పెట్టింది.

"చెవిలో పోశావే!"

"రెండో చెవి ఇటు తిప్పు, దానికి అన్యాయం జరక్కూడదు."

ఆ నవ్వులకు నేను ఊగుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం దయామణి వచ్చి నన్ను బోర్లించింది. సాయంత్రం హెప్సిబా తిప్పింది. మర్నాడు అత్త బోర్లిస్తే కోడలు తిప్పింది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాటా మాట్లాడుకోలేదు. నేను మాత్రం సర్కస్‌లో పిల్లిమొగ్గలు వేసేదానిలా రోజుకు రెండు పల్టీలు కొట్టాను.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. చలి పొద్దుల్లో పేరుకున్న నూనె కరగడానికి హెప్సిబా నన్ను వంటగది కిటికీలో ఎండకు పెట్టేది. అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది. ఆ సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటుంది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా పిడికెడు అందులో వేస్తారు. ఈస్టరుకు ఆ పిడికెడు బియ్యం డబ్బాలన్నీ గుడికి చేరతాయి, లేనివాళ్ళకు పంచుతారు. హెప్సిబా ఇద్దరికే వండేది. తన వంతు బియ్యం మొత్తం ఆ డబ్బాలో వేసేది. అత్త, భర్త క్యారేజీలు తీసుకుని వెళ్ళిపోయాక పొద్దుగూకే దాకా మంచినీళ్ళు తప్ప ముట్టేది కాదు. పేటలో ఆమెలా ఉపవాసమున్నవాళ్ళు లేరు. కాని నూనె నిగనిగలాడే ఆ తలనూ, ఆ నవ్వునూ చూసి ఎవరు నమ్ముతారు? సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె ఆకలికి చెంబెడు నీళ్ళు గటగటా తాగడం నాకు తెలుసు. ఎలీషాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

కబురు గోడలు దాటింది. దయామణి కోడలు శ్రమ దినాల్లో తలంట్లు పోసుకుంటోంది, పాటలు పాడుతోంది, దానికసలు ఉపవాసమే లేదు. కబురు సంఘ పెద్ద నతానియేలు గారి దగ్గరికి చేరింది. ఆయనకు వాక్యాలు కంఠతా వచ్చు, ఎక్కడ అడిగితే అక్కడి నుంచి గుర్రంలా దౌడు తీస్తారు. ఎక్కడైనా తడబడితే ఆయన భార్య మార్తమ్మ గారు వెనకనుంచి మాట అందిస్తారు. ముప్పై అయిదేళ్ళుగా అదే వరస.

మట్టల ఆదివారానికి, అంటే ఈస్టరుకు ముందు ఆదివారానికి, ముందు శుక్రవారం ప్రార్థన కూటం మా ఇంట్లోనే పెట్టారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద. కిటికీలో నేను. ప్రార్థన అయ్యాక నతానియేలు గారు గొంతు సవరించుకున్నారు.

"ఏమ్మా కోడలు పిల్లా, అక్కడ ప్రభువు సిలవ మోస్తంటే ఇక్కడ నువ్వు తలంట్లు పోసుకుంటన్నావంట?"

"అవునండి. శనివారం శనివారం."

"ఏం, నీకు దుఃఖం లేదా?"

"ఉందండి. నెత్తి మీద పెట్టుకోలేదు."

చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. "ఇదిగో, వచ్చే గురువారం బల్ల. ఉపవాసం పాటించనోళ్ళకి బల్ల ఇవ్వం. ఇక్కడే, అందరి ముందూ తప్పయిందని ఒప్పుకో, సరిపోద్ది."

ఎలీషా లేచాడు. "అయ్యగారూ, మీకు తెలీదండి, ఇది పొద్దున్నించీ..."

"అబ్బా!" అన్నాడు వెంటనే. కుర్చీ పక్క చాప మీది నుంచి హెప్సిబా పిక్క గిల్లింది. "పొద్దున్నించీ... తలనొప్పంటందండి" అని కూర్చున్నాడు.

హెప్సిబా నిలబడింది. పెళ్ళయ్యాక భర్త పక్కన మోకరించి, ఇద్దరూ ఒకేసారి చేతులు చాచి రొట్టె తీసుకోవాలని ఆమె ఎంత ఎదురుచూస్తోందో నాకు తెలుసు. నూనె రాసుకుంటూ నాతో ఎన్నిసార్లు చెప్పిందో. ఒక్క మాట, 'నేను ఉపవాసముంటున్నాను' అన్న ఒక్క మాట చెబితే అన్నీ సర్దుకుంటాయి. ఆ మాట చెప్పలేదు.

"అయ్యగారూ, ఉపవాసమున్నప్పుడు ఎలా ఉండాలో ప్రభువు కొండమీద చెప్పారు కదండీ. మీ నోట వినాలనుంది."

వాక్యం అడిగితే ఆయన కాదనలేరు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. గుర్రం దౌడు తీసింది. వేషధారుల ఏడుపు మొహాలు దాటింది, వాళ్ళ ఫలం దాటింది. "నీవు ఉపవాసము చేయునప్పుడు నీ తల..." అని శీల ఊడిన బండిలా ఆగిపోయింది.

ఆయన తడబడ్డారనుకుని, అలవాటు కొద్దీ మార్తమ్మ గారు చాప మీది నుంచి గట్టిగా అందించారు.

"'అంటుకొని' అండి!"

నవ్వు కాలవకు గండి పడ్డట్టు పొంగింది. నేను కిటికీలో దొర్లిపోయేదాన్నే.

"నాకు తెలుసులేవే!" అన్నారు నతానియేలు గారు. "అది ఆత్మీయమైన తలంటు. ఈ కొబ్బరినూనె తలంటు కాదు."

"ఆ వెంటనే మొహం కడుక్కోమన్నారు కదండీ. అదీ ఆత్మీయమేనా? మరి పొద్దున మీరు..."

"హెప్సీ!" అంది దయామణి.

"మాటకి మాట చెప్పేవాళ్ళకి బల్ల లేదు. గురువారం రాకు" అని ఆయన లేచి వెళ్ళిపోయారు. ఉపవాసంలోనూ మినహాయింపు ఉన్న టీని కూడా వదిలేసి వెళ్ళారంటే ఎంత కోపమో ఊహించుకోండి.

అందరూ వెళ్ళాక దయామణి నన్ను గూట్లో బోర్లించింది. ఈసారి రాతికి కొట్టినట్టు. నా అంచు కొద్దిగా వంగింది. గూడు పక్క గదిలో హెప్సిబా ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి ఏడ్చింది.

"చెప్పేస్తే పోయేది కదే. ఒక్క మాట" అన్నాడు ఎలీషా.

"చెబితే అది వాళ్ళ కోసం ఉన్న ఉపవాసమైపోతుంది."

"మరి బల్ల?"

ముక్కు ఎగబీల్చింది. "వెళ్తాను. నీ పక్కనే మోకరిస్తాను. ఇవ్వకపోతే ఖాళీ చేతులే చాచి ఉంచుతాను. చాచడం మాత్రం మానను."

మర్నాడు శనివారం నన్నెవరూ తిప్పలేదు. మరో గిన్నె తీసుకుని నూనె పెట్టుకుంది పిల్ల, అత్తగారు కొట్టిన చప్పుడు ఆమె చెవిలో ఇంకా ఉన్నట్టుంది. తలంటు మాత్రం మానలేదు.

బుధవారం దయామణి పిడికెడు బియ్యం డబ్బా గుడికి పంపడానికి దించబోయింది. ఏటా ఒంటి చేత్తో దించే డబ్బా ఈసారి కదల్లేదు. మూత ముట్టుకోగానే పైకి లేచింది. బియ్యం జలజలా రాలి స్నానాల గది గడప దాకా వచ్చాయి. ఆమె గింజలు ఏరడం మొదలుపెట్టి మధ్యలో ఆగింది. గూడు వైపు, నా వైపు చూసింది.

గురువారం పొద్దున నన్ను తిప్పింది దయామణి. వంగిన అంచును బొటనవేలితో తడిమింది. నూనె పోసి, పీట తెచ్చి పెరట్లో వేసి కేకేసింది.

"హెప్సీ, ఇలా రా."

హెప్సిబా భయం భయంగా వచ్చింది. దయామణి పీట మీద తనే కూర్చుని కొప్పు ముడి విప్పింది.

"అంటు. ముప్పై ఏళ్ళ శ్రమ దినాల నెత్తి. చిన్నగా రుద్దు."

హెప్సిబా వేళ్ళు నాలో మునిగాయి.

"డబ్బా మూత పట్టట్లేదు" అంది దయామణి కాసేపటికి.

వేళ్ళు ఆగిపోయాయి. "ఎవరితోనూ అనకండి అత్తయ్యా."

"నేనేం చూశాననీ అనడానికి?" అని నెత్తి ఇంకాస్త వంచింది. "నేనొచ్చిన కొత్తలో నాకూ పళ్ళు కనపడే నవ్వొచ్చేది. మా అత్తగారు గిన్నె బోర్లించింది. తిప్పొచ్చని నాకు తోచలేదు."

సాయంత్రం రొట్టె పళ్ళెం పట్టుకుని దయామణి, వెనకాల కొడుకూ కోడలూ గుడికి వెళ్ళారు. నేను కిటికీలో ఉండిపోయాను. గంట మోగింది. ఆ తరవాత నాకేమీ వినపడలేదు. అంత పొడుగు సాయంత్రం నా అటక జీవితంలో కూడా ఎరగను.

వాళ్ళు తిరిగొస్తుంటే వీధి మొదట్లోనే నవ్వులు వినిపించాయి. అత్తగారి నవ్వు అందులో అన్నిటికన్నా పైన ఉంది. ఎలీషా గుమ్మంలోనే మళ్ళీ అంతా చెప్పడం మొదలుపెట్టాడు.

బల్ల దగ్గర వీళ్ళు వరసగా మోకరించారట. నతానియేలు గారు పాస్టరు గారి చెవిలో ఏదో చెప్పడానికి వంగుతూ హెప్సిబా వైపు చూశారట. ఆమెకు అటు ఎలీషా, ఇటు దయామణి. దయామణి కణతల దాకా నూనె. దయామణి పక్కన ఇంకో తల, అదీ నున్నగా మెరుస్తోందట. అది మార్తమ్మ గారిది.

"ఆయన నోరు తెరిచాడే!" అంది దయామణి, నవ్వుతో మాట రాక. "మార్తమ్మ గారు ఎప్పట్లాగే తలెత్తింది, మాట అందిద్దామని! చూశాడు. నోరు మూసుకున్నాడు!"

రొట్టె వచ్చింది. పక్కపక్కన చాచిన రెండు చేతుల్లోనూ పడింది. దానికి కొబ్బరినూనె వాసన వచ్చిందని ఎలీషా ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

మర్నాడు శుభ శుక్రవారం, ప్రభువు సిలువ మీద చనిపోయిన రోజు. ముగ్గురూ తెల్లబట్టలు కట్టుకుని గుడికి వెళ్ళి, మూడు గంటల సేపు ఆరాధనలో కూర్చుని, ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చారు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నన్ను మాత్రం ఎవరూ బోర్లించలేదు.

ఇది నిరుటి మాట. ఈ ఉదయం మళ్ళీ శ్రమ దినాలు మొదలయ్యాయి. దయామణి నన్ను తీసి, చింతపండుతో తోమి, నూనె పోసి, కిటికీలో ఎండ తగిలేచోట నిటారుగా పెట్టి అంగన్‌వాడీకి వెళ్ళింది. నా అంచు ఇంకా వంకరే. ఏదో ఒకనాడు నన్ను పాత ఇత్తడిలో వేసి కరిగిస్తారు, నాకు తెలుసు. గంటగా పోసినా సరే, గరిటెగా పోసినా సరే, నాకు అభ్యంతరం లేదు. కదలకుండా ఉండమని మాత్రం నన్ను అడగకండి.