కిరసనాయిలు గుడ్డ

కళాశాలలో ఆ అమ్మాయికి కప్పగంతు అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళను తప్పు పట్టడానికి లేదు. చేరింది బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి. ఆర్నెల్లు తిరక్కుండానే మట్టి గదిలో తేలింది, మోచేతులదాకా బురద పూసుకుని తిరిగింది. ఆ మట్టి ఆరకముందే నేత గదిలో మగ్గం ముందు కూర్చుంది. అక్కణ్ణించి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని శబ్దాల గదికి పోయింది. ఏ గదిలోనూ చేసిన పని చెడ్డగా లేదు, మాస్టార్లకు అదే మరింత మంట. చేతకాక పారిపోయేవాళ్ళను ఓదార్చవచ్చు. చేతనై కూడా నిలవనివాళ్ళను ఏం చేస్తారు?

“కాలుకాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటి తల్లీ? ఒక్కచోట కుదురుగా కూర్చోరాదా?” అని పెద్ద మాస్టారు బతిమాలారు కూడా. ఏడాది చివరికి ఏదో ఒక గది ఎంచుకోకపోతే తనే ఏదో గదిలో పెట్టి తాళం వేస్తానని నవ్వుతూ బెదిరించారు.

ఆమె తల ఊపి ఊరుకుంది. చెబితే నవ్విపోతారు మరి. ఇన్ని గదులు తిరుగుతున్నది ఒక్క తిట్టు కోసం.

ఆ తిట్టు ఆమె మేనత్తది. అత్త దుకాణాలకు బోర్డులు రాసేది. ఆడమనిషి నిచ్చెనెక్కి బోర్డులు రాయడమేమిటని మొదట్లో బుగ్గలు నొక్కుకున్నవాళ్ళే, తర్వాత ఆమెకు తీరిక ఎప్పుడు దొరుకుతుందా అని పడిగాపులు పడ్డారు. బడి లేని రోజు మేనకోడలు ఆమె వెంట పోయి నిచ్చెన కింద కూర్చునేది. పాత రేకు ముక్క ఒకటి, అరిగిపోయిన కుంచె ఒకటి చేతికిచ్చి, “నేను పైన రాసేది నువ్వు కింద రాయి” అనేది అత్త. రాసి పైకెత్తి చూపిస్తే నిచ్చెన మీంచే ఒక్క చూపు చూసి, “తుడిచెయ్” అని, నడుముకు దోపుకున్న కిరసనాయిలు గుడ్డ లాగి కిందికి విసిరేది. అది సరిగ్గా వచ్చి పిల్ల నెత్తిన పడేది.

“ఏమే కోడలుపిల్లా, ఆ అక్షరానికి నడుం విరిగిందా? తుడిచెయ్.”

“దానికి ఆకలేస్తోందే, పొట్ట ఎలా లోపలికి పోయిందో చూడు. తుడిచెయ్.”

పొద్దంతా అదే పాట. ఎప్పుడో సాయంత్రం నిచ్చెన దిగి వచ్చి, రేకును వెలుగులో అటూ ఇటూ తిప్పి, “ఊఁ. ఉండనీ” అనేది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె నోట ఎవరూ వినలేదు. ఆ మాట విన్న రోజు కోడలుపిల్ల రేకును పక్కలో పెట్టుకుని పడుకునేది. జుట్టంతా కిరసనాయిలు కంపు కొడుతోందని తల్లి లబలబలాడేది.

తర్వాత అత్త కళ్ళకు నీటికాసులు వచ్చాయి. మొదట పక్కనున్నవి కనపడటం మానేశాయి. బోర్డు చివరి అక్షరం రాస్తుంటే మొదటి అక్షరం కనిపించేది కాదు, అయినా కొలత తప్పేది కాదు. ఆ మిగిలిన కాస్త వెలుతురూ పోయాక నిచ్చెన ఎవరికో ఇచ్చేశారు. కుంచెలు డబ్బాలోనే ఎండి కట్టెల్లా బిగుసుకుపోయాయి. అత్త తమ్ముడి ఇంట్లో, వీధి గది కిటికీ పక్కన, కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టింది.

కోడలుపిల్ల కళాశాలలో చేరింది అప్పుడే. మొదటి బొమ్మ వేసి పరుగెత్తుకుంటూ ఇంటికి తెచ్చింది. గుమ్మంలో నిలబడ్డాక గానీ గుర్తు రాలేదు, అత్తకు కళ్ళు కనిపించవని. ఆ బొమ్మను మంచం కిందికి తోసేసి, దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చింది.

వెతుకులాట ఆ మర్నాడే మొదలైంది. కళ్ళకు అందకపోతే వేళ్ళకు అందేది చేద్దామనుకుంది. మట్టితో నాన్న తల చేసి అత్త ఒళ్ళో పెట్టింది. అత్త ముక్కు తడిమింది, గడ్డం తడిమింది. “మా తమ్ముడే. బాగుందమ్మా” అంది.

అమ్మా! పుట్టి బుద్ధెరిగాక ఏమే అని తప్ప పిలవని అత్త. బొమ్మకు ఒక చెవి బెత్తెడు కిందికి జారి ఉంది. కోడలుపిల్ల కావాలనే అలా పెట్టింది. అత్త వేళ్ళు ఆ చెవి మీదుగానే పోయాయి, ఆగలేదు.

తర్వాత గరుకు దారం, మెత్తటి దారం కలిపి వాన కురుస్తున్న వీధిని నేసింది. “బాగుందమ్మా, చలికాలం కప్పుకోవచ్చు” అంది అత్త. అత్త బోర్డులున్న వీధులన్నీ రికార్డర్ పట్టుకుని తిరిగి, షట్టర్లు లేచే చప్పుళ్ళు, బేరాలు, సైకిలు గంటలు, ఆ బోర్డుల మీద వాన పడే మోత, అన్నీ ఒకదానికొకటి కూర్చి వినిపించింది. అత్త తల వంచుకుని చివరిదాకా విని, “బాగుందమ్మా. చాలా కష్టపడ్డావు” అంది. బాగా చేసినవాళ్ళతో ఆ మాట ఎవరూ అనరు. కోడలుపిల్లకు తల కొట్టేసినట్టయింది.

ఆ మంచితనం ఆమె భరించలేకపోయింది. ఇంత మర్యాదగా మాట్లాడే ఈ మనిషి ఎవరు? తన అత్త ఎటు పోయింది? అదే కుర్చీలో, అదే గొంతుతో, ఒక్కసారి “తుడిచెయ్” అంటే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అడగననిపించేది.

అలా తిరిగి తిరిగి చివరికి అచ్చుల గదికి చేరింది. అత్త కోసమని కూడా కాదు, ఇంకే గదీ మిగలక. కాగితం మీద పడిన అచ్చు అత్తకేం అందుతుంది? అచ్చుల మాస్టారు అందరికీ మొదట ఇచ్చే పని ఒకటే. ఒక చెక్కపలక మీద ఏదైనా ఒక మాట దించుకుని, అక్షరాల చుట్టూ ఉన్న చెక్కను ఉలితో తీసెయ్యాలి. పైకి నిలిచిన అక్షరాలకు రోలర్‌తో నల్ల సిరా పట్టించి కాగితానికి అద్దాలి.

కళాశాలకు వచ్చాక ఆమె ఒక్క అక్షరం బొమ్మ కూడా రాయలేదు. అక్షరాలు అత్త పని, తనది కళ అని లోపలెక్కడో చిన్న టెక్కు ఉండేది. ఇప్పుడు మాట అడిగితే మనసుకు తట్టింది ఒక్కటే: తెరిచి ఉంది. అత్త ఊళ్ళో సగం తలుపులకు రాసిన మాట అది. నిచ్చెన కింద తను మొట్టమొదట రాసి, మొట్టమొదట తుడిచిన మాట కూడా అదే.

అచ్చుకు చెక్కేటప్పుడు అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉండాలి. అందుకని రాసిన పల్చటి కాగితాన్ని పలక మీద బోర్లా అంటించి చెక్కుతారు. మాస్టారు రెండుసార్లు చెప్పారు, ఆమె రెండుసార్లూ తల ఊపింది. కానీ చేతికి చిన్నప్పటి అలవాటు. కాగితాన్ని వెల్లకిలా అంటించి, తలమీద అత్త నిచ్చెన ఉన్నట్టే, తిన్నగా చదువుకునేటట్టు చెక్కుకుంటూ పోయింది. సిరా రాసి, అద్ది, కాగితం లేపి చూస్తే మాట మొత్తం తిరగబడింది.

గదంతా గొల్లుమంది. “దుకాణం లోపల కూర్చున్నవాళ్ళకు తెరిచే ఉందిలే” అన్నాడొకడు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. “మొదటిసారి ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఇంకో పలక తీసుకో” అన్నారు.

సిరా సరిగ్గా తుడవకుండానే పలకను సంచిలో కుక్కి ఇంటికి వచ్చింది. వీధి గదిలో బల్ల మీద సంచి పడేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది. ఈ పూట అత్తకు చూపించేదేమీ లేదు.

సబ్బు రుద్దుతుండగా కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్త తనంతట తను లేవడం అరుదు. ఏమైందోనని తువ్వాలుతోనే వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. సిరా వాసన పట్టుకుని అత్త బల్లదాకా వచ్చేసింది. సంచిలోంచి పలక తీసి, ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది. ఆ గదిలో రంగు వాసన వచ్చి చాలా కాలమైంది. తర్వాత పలకను బల్ల మీద పెట్టి, మొదటి అక్షరం మీద చూపుడువేలు ఆనించింది.

అది పాడైపోయిందత్తా అనబోయి కోడలుపిల్ల ఆ వేలి వైపే చూస్తూ నిలబడింది.

వేలు అక్షరం వెంబడి ఎక్కింది, దిగింది, వంపు తిరిగింది. రెండో అక్షరం నెత్తి మీది గుడి దగ్గర ఆగింది. మూడో అక్షరం గుడి దగ్గర ఆగింది. చివరి అక్షరం గుడిదాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. అత్త కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏమే” అంది.

ఆ పిలుపు విని కోడలుపిల్ల ఒక అడుగు లోపలికి వేసింది.

“ఏమే, ఈ గుడులు మూడూ ఒక తల్లి పిల్లలేనా? ఒకటి మూతి ముడుచుకుంది, ఒకటి నోరు తెరుచుకుంది. ఈ చివరిదైతే ఎవరింటికో పోతున్నట్టు పక్కకు వాలిపోయింది. మధ్యలో ఈ ఉ ఏమిటే, జ్వరం పడి లేచినట్టు! కాలేజీలో నేర్పేది ఇదేనా? తుడిచెయ్!”

అంటూనే కుడిచెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ గుడ్డ లేదు. చెయ్యి కాసేపు అక్కడే వెతికి, ఖాళీగా కిందికి జారింది.

కోడలుపిల్ల తువ్వాలులో మొహం పెట్టుకుని భోరుమంది.

“ఇదేం చోద్యమే? పని బాగాలేదంటే ఏడుస్తారా? చిన్నప్పుడు కూడా ఏడవలేదు కదే నువ్వు!”

“అందుకు కాదత్తా. ఇన్నాళ్ళూ ఎందుకు తిట్టలేదు? ఏం తెచ్చినా బాగుంది, బాగుంది అన్నావు. నాన్న తలకు చెవి కిందికి పెట్టాను. నీ వేలికి తగిలింది కూడా. ఏమీ అనలేదు.”

అత్త తడుముకుంటూ కుర్చీలో కూర్చుంది.

“తెలిసిందే, చెవి జారిందని. ఇప్పుడు అలా చేయడమే గొప్పేమో, నాకేం తెలుసు? కళ్ళు పోయినదాన్ని. ఒక మాట అంటే, ఈవిడకేం తెలుసులే అని నువ్వు తేవడం మానేస్తావేమోనని భయమేసింది. పొద్దున్నుంచీ ఈ కుర్చీలో కూర్చునేది నీ అడుగుల చప్పుడు కోసమే కదే. బాగుందంటే రేపు ఇంకోటి తెస్తావని అన్నాను.”

ఒకే కప్పు కింద ఉండి కూడా ఇద్దరూ ఒకరికోసం ఒకరు మొహం వాచిపోయారన్నమాట. కోడలుపిల్ల వచ్చి అత్త మోకాళ్ళ దగ్గర, పూర్వం నిచ్చెన కింద కూర్చున్నట్టే, నేల మీద కూర్చుంది. గుడ్డ ముక్క కిరసనాయిల్లో తడిపి తెచ్చి అత్త వేలికంటిన సిరా తుడిచింది. తుడిచాక అత్త ఆ గుడ్డ లాక్కుంది, తిరిగి ఇవ్వలేదు. మడిచి నడుముకు దోపుకుంది.

“మళ్ళీ చెక్కుతాను. కానీ అచ్చు సరిగ్గా పడాలంటే తిరగేసి చెక్కాలి. అప్పుడు నీ వేలికి తెలీదేమో.”

“ఎందుకు తెలీదు? అద్దం తలుపులకు లోపలివైపు నుంచి రాసేదాన్ని, మర్చిపోయావా? సగం బతుకు తిరగేసే రాశాను. ముందు నువ్వు చెక్కి తగలడు, నా వేలి సంగతి తర్వాత.”

ఆ తర్వాత ఆమె అచ్చుల గది దాటి ఎటూ గంతు వేయలేదు. కారణమేమిటని పెద్ద మాస్టారు అడిగితే, “ఇక్కడ చేసిన తప్పు చేతికి తగులుతుంది సార్” అంది. ఆయనకు ఏం అర్థమైందో గానీ, మంచిదే అన్నారు. ఆమె ‘తెరిచి ఉంది’నే మళ్ళీ మళ్ళీ చెక్కింది. వీధి గది గోడవారన పలకలు పేరుకున్నాయి. “చెక్కనెలా తుడవను అత్తా?” అంటే, “నన్నడిగే చెక్కావా?” అనేది అత్త.

ఒక సాయంత్రం కొత్త పలక తెచ్చి అత్త ముందు పెట్టి, కాస్త దూరంగా నిలబడింది. వేలు మొదటి అక్షరం నుంచి చివరిదాకా పోయింది. వెనక్కి వచ్చింది. నడిమి గుడి మీద ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది.

“ఊఁ” అంది అత్త.

“ఊఁ, తర్వాత?” అంది కోడలుపిల్ల.

“ఈ నడిమి గుడి ఒక్కటీ ఉండనీ. మిగతాదంతా తుడిచెయ్.”

అని నడుము దగ్గరి గుడ్డ లాగి, కోడలి గొంతు వినబడిన వైపుకు విసిరింది. గురి తప్పింది. గుడ్డ గోడవైపు పోతోంది. కోడలుపిల్ల ఒక్క గంతులో పోయి దాని కింద తల పెట్టింది.