మామ ఊపిరి

శుక్రవారం మధ్యాహ్నం. గల్ఫ్‌లో, హూరాలోని మా ఇరుకు ఫ్లాట్‌లో అందరూ కూర్చుని తింటుంటే నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తున్నాను. "ఇంకో రొట్టె రాదేందే?" అని నా భర్త రాజనర్సు కేకేశాడు. సెలవు ఆయనకే. నేను మిగతా రోజులు జిదాఫ్స్‌లో పసిపిల్లల బడిలో ఆయాగా చేస్తాను. ఊపిరాగిన మనిషికి ఏం చెయ్యాలో అక్కడ బొమ్మ మీద నేర్పించారని చెప్పినప్పుడు, "ముక్కులు తుడిచేదానికి ట్రైనింగా?" అని ఆయన నవ్వాడు. ఊరి నుంచి మామతో కలిసి మమ్మల్ని చూడవచ్చిన అత్త ముత్తెమ్మ కూడా నవ్వింది.

పళ్లెం పడ్డ చప్పుడైంది. పరుగెత్తుకొచ్చాను. మామ లింబాద్రి గొంతు పట్టుకుని ఉన్నాడు. మాట లేదు, దగ్గు లేదు. మటన్ ముక్క అడ్డంపడింది. వీపు మీద చరిచాను, వెనక నుంచి పట్టి పొట్ట నొక్కాను. చేతుల్లోనే ఒరిగిపోయాడు. ఊపిరి లేదు.

"అంబులెన్సుకు ఫోన్ చెయ్యి!" అని రాజనర్సు మీద అరిచాను. మామను వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ రెండు చేతులూ ఆనించి బలంగా నొక్కాను. పెళ్లయిన నాటి నుంచి మామ ఎదుట కూర్చోనైనా కూర్చోలేదు నేను. నోట్లో నోరు పెట్టి ఊదాను. అత్త నా భుజం గుంజింది.

"ఏం జేస్తున్నవే? మామ నోట్ల నోరు వెడ్తవా?"

గాలి లోపలికి పోలేదు. మళ్లీ నొక్కాను. ముక్క నాలుక మీదికొచ్చింది. వేలితో లాగేసి ఊదితే ఈసారి రొమ్ము లేచింది. ఇంకాసేపటికి ఆయన దగ్గాడు. అంత కమ్మని చప్పుడు నేనెన్నడూ వినలేదు. గోడకానుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

సాయంత్రం ఆస్పత్రిలో, ఇక ప్రమాదం లేదన్నారు. వార్డు బయట రాజనర్సు నా దగ్గరికొచ్చాడు. "నోట్ల నోరు వెట్టినవని ఎవ్వలకు చెప్పకు. ఇజ్జత్ పోతది."

అంతలో ఊరి నుంచి ఆడబిడ్డ ఉమారాణి ఫోన్. "నేనే ఈపుల గుద్దిన, ముక్క బయటవడ్డది," అన్నాడాయన.

లోపల మామ హాయిగా ఊపిరి తీస్తున్నాడు. నా గుండె ఎంత తేలికగా ఉందంటే, కోపం కూడా రాలేదు. చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాను.

"మీ అన్న గాదు, ఉమా. నేనే నోట్ల నోరు వెట్టి ఊపిరి వోసిన."

రాజనర్సు తల్లి వైపు చూశాడు. అత్త కొంగుతో కళ్లొత్తుకుని నా పక్కకు జరిగింది.

"నిజమే చెప్పింది," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఎట్ల నొక్కాల్నో నాగ్గూడ జూపియ్యి, బిడ్డా. రేపు నీకే గిట్లయితే ఈ ఇంట్ల ఎవ్వలు నొక్కుతరు?"